ఒగియామే పలికిన రేవు

నైజీరియా దేశంలో నైజర్ మహానది లెక్కలేనన్ని పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల్లో ఒకదాని ఒడ్డున, వారీ నగరానికి బాగా దిగువన, ఇట్సెకిరి జనం నివసించే మడ అడవుల మధ్య ఈ రేవు ఉంది. వారీలో మరపడవ ఎక్కితే రెండున్నర గంటల ప్రయాణం. పోటు మీద మాత్రమే వెళ్లాలి. పాటు మొదలైతే పాయలో మోకాలి లోతు నీళ్లు కూడా మిగలవు. పడవ బురదలో కూర్చుంటే మళ్లీ పోటు వచ్చేదాకా లేవదు. అందుచేత వేళలు పడవవాళ్లను అడిగి తెలుసుకోవడం మంచిది. చేతి గడియారాన్ని నమ్ముకుని బయలుదేరిన పెద్దమనుషులు ఆ బురద మధ్య కూర్చుని అదే గడియారాన్ని చూసుకున్న ఉదంతాలు చాలా ఉన్నాయి.

ఇక్కడ గోపురం, ధ్వజస్తంభం వంటివి కనిపించవు. నాలుగు మడ కొయ్యల మీద మట్టల కప్పు, దాని కింద నున్నగా అలికిన నల్లమట్టి అరుగు, అంతే. ఇట్సెకిరి వారిలో చాలామంది ఇప్పుడు చర్చికి వెళతారు. ఆదివారం ప్రార్థన కాగానే అవే బట్టలతో పడవలెక్కి ఇక్కడికి వస్తారు. ఆడవారు నడుముకు చుట్టుకునే గళ్ల బట్ట చూస్తే మన చీరాల నేత గుర్తుకు రాక మానదు. ఉద్యోగాల మీద వారీ చేరిన మన తెలుగు కుటుంబాలు కూడా ఎన్నో ఏళ్లుగా ఈ రేవుకు వెళ్లి వస్తున్నాయి. ఆ యాత్రికుల కోసమే ఈ చిన్న పుస్తకం. రేవు పెద్దలు చెప్పిన కథను చెప్పినట్టే రాశాము. వారు నవ్విన చోట మేమూ నవ్వాము, వారు కళ్లు తుడుచుకున్న చోట కాసేపు కలం పక్కన పెట్టాము.

పూర్వం ఇక్కడ ఉప్పు వండేవారు. మడ చెట్ల వేళ్లను ఎండబెట్టి కాల్చి, ఆ బూడిదను ఉప్పునీటిలో కలిపి, వడగట్టి, ఆ నీటిని మట్టికుండల్లో పగలంతా కాచేవారు. సాయంత్రానికి కుండ అడుగున గట్టి బిళ్లగా ఉప్పు మిగిలేది. ఆ రోజుల్లో పాయ పొడవునా నీలిరంగు పొగ పరచుకుని ఉండేదనీ, సముద్రం నుంచి వచ్చే బెస్తలు ఊరు కనబడకముందే ఆ పొగ వాసనతో ఇల్లు చేరామని తెలుసుకునేవారనీ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. వారిలో ఎవరూ ఆ పొగ చూసినవారు కారు. అయినా చెప్పేటప్పుడు ఆ వాసన ఇప్పుడే తగిలినట్టు ముక్కు ఎగబీలుస్తారు.

ఆ ఉప్పు కుటుంబాలలో ఒకదానికి రాజవంశంతో వియ్యం ఉండేది. ఆ ఇంటి ఆడపడుచు రాజుగారి రాణులలో ఒకరై, ఒక కూతురిని, చాలా ఏళ్లకు ఒక కొడుకును కని, పురిట్లోనే కన్నుమూసింది. కూతురి పేరు అలేరో. కొడుకు పేరు మిసాన్. కోటలో పసివాడికి పోటీదారులు ఎక్కువ, పాలిచ్చేవారు తక్కువ. అందుకని పన్నెండేళ్ల అలేరో తమ్ముణ్ణి చంకనేసుకుని అమ్మమ్మగారి ఉప్పు రేవుకు వచ్చేసింది. వాడికి నడక నేర్పింది ఆవిడే. నేల మీద నడక ఎవరైనా నేర్పుతారు. బురద మీద నడవడం వేరే విద్య. మడమ ఆనించకూడదు, వేళ్లు విప్పి అడుగు వేయాలి, ఒక కాలు దిగేలోగా రెండో కాలు తీయాలి. మిసాన్‌కు ఆ విద్య ఎంతకూ పట్టుబడలేదు. రోజుకు రెండుసార్లు నడుము లోతున కూరుకుపోయి "అక్కా" అని కేక పెట్టేవాడు. ఆమె కుండ దించి, తిట్టుకుంటూ వచ్చి, చంకల్లో చేతులు వేసి లాగేది.

మిసాన్‌కు ఇరవై రెండేళ్లు వచ్చేసరికి తండ్రి గతించాడు. పెద్దలు శకునాలు చూసి, అన్నలందరినీ దాటి ఉప్పు రేవులో పెరిగిన ఇతనినే సింహాసనానికి ఎంచుకున్నారు. ఇట్సెకిరి రాజును 'ఒగియామే' అంటారు. నీటికి రాజు అని అర్థం. రాజు కొత్త పేరుతో పట్టం కట్టుకుంటాడు. ఈ కథలోని నియమం ప్రకారం పాత పేరును పట్టాభిషేకం రోజున నదిలో ముంచేస్తారు. రాజముద్రలకు కాపలాగా ఉండి, రాజు మాటను నలుగురికీ వినిపించే పెద్దమనిషి ఒకరుంటారు. ఆయన రేవులో నిలబడి ఆ పేరును దోసిట్లోకి ఊది, దోసిలిని నీటిలో వదులుతాడు. ఆ తర్వాత ఆ పేరు రాజును పిలవడానికి పనికిరాదు. ఆ పేరున్న ఇతరులు కూడా మార్చుకోవాలి. అప్పట్లో రాజధానిలో మరో ముగ్గురు మిసాన్‌లు ఉండేవారట. ఒకడు పెళ్లిపీటల మీద ఉన్నాడు. పాపం, పెళ్లికూతురికి ఒక పేరుతో వరుడిని చూపించి, మరో పేరువాడితో ముడిపెట్టారు. నియమం తప్పి రాజును పాత పేరుతో పిలిచినవారికి, వారి ఇంటివారందరికీ నీళ్ల మీద తెడ్డు వేసే హక్కు పోతుంది. నీరే దారి, నీరే పొలం అయిన చోట అది బతికుండగానే సమాధి చేసినట్టు.

పట్టాభిషేకం రోజు రాజనావ రాజధాని రేవుకు వచ్చింది. నలభై మంది తెడ్లవాళ్లు, రెండు డోళ్లు, ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. మిసాన్ ఇప్పుడు ఒగియామే ఒమాజువా. తల మీద పగడాల కిరీటం, మెడ నిండా పగడాల పేర్లు. నావ నుంచి ఒడ్డుకు పరచిన పలక తడిసి ఉంది. ఆయన మొదటి అడుగు మడమ మీద వేశాడు. జనంలో నిలబడి చూస్తున్న అలేరోకు ఆ మడమే కనిపించింది. ఆలోచించే వ్యవధి లేదు.

"మిసానూ! జారుతుందిరా!"

రాజు తిరిగి చూశాడు. అక్క ముఖం చూశాడు. ఆ తర్వాత ముఖం తిప్పుకుని, మాట్లాడకుండా, పలక దాటి ఒడ్డెక్కాడు. డోళ్లు ఆగిపోయాయి. ముంచిన పేరు పూట గడవకముందే పైకి తేలడం ఎన్నడూ ఎరగని అపశకునం. పెద్దలు అక్కడికక్కడే సభ తీర్చారు. రాజు సోదరి కనుక ఇంటివారికి తెడ్డు హక్కు వదిలేసి, శిక్షను ఆమె ఒక్కదానికే పరిమితం చేశారు. ఆమె ముఖం ఇక రాజు కంట పడకూడదు. ఉప్పు రేవు దాటి రాకూడదు. మరొక్కసారి ఆ పేరు పలికితే ఇంటిల్లిపాదికీ నీళ్లు బంద్. తీర్పును రాజు ఆమోదించాలి. కొత్త రాజు, వెనక అన్నల గుసగుసలు, ముందు పెద్దల చూపులు. ఆయన తల ఊపాడు. ముప్ఫై ఏడేళ్ల పాలనలో ఒమాజువా తల ఎన్నో విషయాలకు ఊగింది గాని, ఆ ఊపు మాత్రం ఆయన మెడలో ముల్లులా ఉండిపోయింది.

మంచి రాజు. ఈ మాట మేమంటున్నది కాదు, ఆయన అన్నల మనవలు సైతం ఒప్పుకున్నది. ఎగువ బెస్తలకూ దిగువ బెస్తలకూ వలల హద్దు మీద మూడు తరాలుగా ఉన్న పగను ఆయన తీర్చాడు. ఇరువైపుల వారినీ ఒకే పడవలో ఎక్కించి, ఒకరికి తెడ్డు, ఒకరికి చుక్కాని ఇచ్చి సముద్రంలోకి పంపాడట. తిట్టుకుంటూ వెళ్లినవాళ్లు వారం తర్వాత బావమరదులై తిరిగొచ్చారు. సముద్రం మీద తెల్లవాళ్ల ఓడలు వస్తే, కూర్చోడానికి వాళ్లకు తనకన్నా ఎత్తు కుర్చీ వేయించి, వాళ్లు తల వంచి మాట్లాడవలసి వచ్చేట్టు చేశాడు. ఏటా పడవ పందాలు పెట్టేవాడు. ఆయన కాలంలో మోగిన డోళ్లు మళ్లీ మోగలేదంటారు. ఏ డోలు అయినా చిన్నప్పుడు విన్నదే బాగుంటుంది, అది వేరే సంగతి. రాజు కనబడితే జనం "ఒగియామే, సూవో!" అని జేజేలు కొట్టేవారు. కలకాలం ఏలమని దీవెన. ఆ కేక విన్నప్పుడల్లా ఆయన చెయ్యెత్తేవాడు. ఆ చేయి తన చేయి కానట్టుండేదని ఒకసారి ముసలితనంలో అన్నాడట.

ఆయన వంటశాలకు పాయలన్నిటి నుంచీ ఉప్పు వచ్చేది. కొన్ని రోజులు పులుసులో కాస్త పొగచేదు తగిలేది. వంటవాళ్లు భయపడి కుండ మార్చబోతే వద్దనేవాడు. ఆ రోజున మాత్రం పిండిముద్ద రెండోసారి వడ్డించుకునేవాడు. ఎందుకో అడిగే ధైర్యం ఎవరికుంది?

అరవయ్యో ఏటికి దగ్గరపడ్డాడు. చిన్ననాటి వారు ఒక్కొక్కరే రాలిపోయారు. వారిలో చివరివాడు మంచం పట్టాడని తెలిసి రాజు స్వయంగా చూడబోయాడు. ఆ నాటి నమ్మకం ప్రకారం, ప్రాణం పోయే వేళ ఇంటివారు చెవి దగ్గర నోరు పెట్టి చిన్నప్పటి పేరుతో మూడుసార్లు పిలవాలి. ఆ పిలుపు పట్టుకునే జీవుడు పితరుల రేవుకు దారి తెలుసుకుంటాడు. పిలుపు లేకుండా పోయినవాడు పొగమంచులో పడవలా పాయల వెంట తిరుగుతూ ఉంటాడు. మిత్రుణ్ణి ఆయన భార్య పిలిచింది. మూడో పిలుపుకు ఆ ముసలాయన ముఖం మీద ముడతలు సడలిపోయాయి. ఒమాజువా అది చూశాడు. తిరుగు దారిలో పక్కనున్న ఒమాత్సోలాను అడిగాడు. ఒమాత్సోలా అంటే, పట్టాభిషేకం నాడు పేరును నీటిలో ముంచిన రాజముద్రల పెద్దాయనే. ఆయన రాజు కన్నా పదేళ్లు పెద్దవాడు.

"నన్నెవరు పిలుస్తారు?"

"రాజ్యం రాజ్యమంతా పిలుస్తుంది ప్రభూ. ఒగియామే అని."

"అక్కడ మా తండ్రి ఒగియామే, తాత ఒగియామే, ఆయన తాత ఒగియామే. ఆ పిలుపుకి అందరూ తలెత్తుతారు. ఎవరి కోసం పిలిచారో ఎవరికి తెలుస్తుందయ్యా?"

ఒమాత్సోలా దగ్గర ప్రతి ప్రశ్నకూ ఒక నియమం ఉండేది. ఈ ప్రశ్నకు లేదు.

ఆ నెలలోనే రాజు సముద్రపు పల్లెలు చూడాలని నావ సిద్ధం చేయించాడు. దారి నిర్ణయించేది రాజే. పెద్ద పాయ వదిలి, మడ చెట్లు తలలు కలుపుకున్న చిన్న పాయలోకి తిప్పమన్నాడు. సరంగు పేరు ఎడెమా. తండ్రి తాతల నుంచి రాజనావ చుక్కాని పట్టిన వంశం. పోటు నిండుగా ఉండగా పాయలోకి వచ్చారు. నీరు ఒక క్షణం కదలకుండా నిలిచింది. ఇక పాటు మొదలవుతుందని, వెనుదిరగాలని ఎడెమాకు తెలుసు. అయితే రాజనావ ముక్కును రాజు నోట మాట లేనిదే వెనక్కి తిప్పకూడదు. అడగనూ కూడదు. ఎడెమా దగ్గాడు. మళ్లీ దగ్గాడు. నలభై మంది తెడ్లవాళ్లు వంతులవారీగా దగ్గారు. రాజు ఒడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. నీళ్లు జారుకున్నాయి. ఉప్పు రేవుకు నలభై బారల దూరంలో రాజనావ నెమ్మదిగా బురదలో కూర్చుంది.

ఎడెమా పొరపాటని అప్పట్లో అందరూ అన్నారు. బురదలో పెరిగిన రాజుకు పోటూ పాటూ తెలియవా అని మా అనుమానం.

రాజు పాదం ఉత్త నేలను తాకరాదు. ఎక్కడ దిగినా బట్ట పరుస్తారు. బురద మీద బట్ట పరిచారు. బురద మింగింది. మరొకటి పరిచారు, అదీ పోయింది. మూడోది పరచబోతే రాజు వద్దని చెయ్యెత్తాడు. మళ్లీ పోటు వచ్చేదాకా చేసేదేమీ లేదు. ఒడ్డున, ఉప్పు పాక ముందు, కుండ కాస్తున్న ఒక ముసలావిడ నావను చూసింది. చూసి, తలమీద గుడ్డ సవరించుకుని, ఇటు వీపు పెట్టి కూర్చుంది. ఆమె ముఖం రాజు కంట పడకూడదు కదా. ముప్ఫై నాలుగేళ్లు పాటించిన నియమాన్ని ఆ రోజు తప్పడం ఎందుకు?

పీతలు బొరియల్లోంచి వచ్చి, రాజనావ అడుగును తమకు కొత్తగా కట్టిన ఇల్లనుకుని పరిశీలించాయి. చివరికి రాజు ఒమాత్సోలా చెవిలో ఏదో చెప్పాడు. ఒమాత్సోలా నావ అంచున నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా! ఒగియామే మీ కుశలం అడుగుతున్నారు."

వీపు కదలలేదు. జవాబు మాత్రం వచ్చింది. "నాకేం, రాయిలా ఉన్నానని చెప్పు నాయనా. అడిగినవారే బురదలో కూరుకున్నట్టున్నారు."

తెడ్లవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒమాత్సోలా వాళ్లకేసి ఉరిమి చూశాడు. రాజు మళ్లీ చెవిలో చెప్పాడు. ఈసారి ఒమాత్సోలాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే రాజాజ్ఞ మీరినట్టు, చెబితే తన చేత్తో ముంచిన పేరును తానే లాగినట్టు.

"అమ్మా... వారు ఒక మాట... తమకు అవసాన కాలం దగ్గరపడిందని, తమను... పూర్వం పిలిచినట్టు... ఒకసారి..."

"పూర్వం పిలిచిన పేరా? నీళ్లలో వేశారుగా! నీళ్లనే అడగమను." ఆమె కుండలో కర్ర తిప్పింది. "నా వెనకాల పదిహేడు మంది ఉన్నారు నాయనా, పిల్లలూ మనవలూ. నా నోరు జారితే వాళ్లందరికీ తెడ్డు పోతుంది. ఒకసారి పిలిచి ముప్ఫై నాలుగేళ్లు ఈ పొగలో కూర్చున్నాను. పిలవడం నా తప్పే, ఒప్పుకుంటా. నేనేమైనా సింహాసనం కోసం పిలిచానా? పడిపోతాడని పిలిచా. తిరిగి చూశాడు. చూసి పలక్కుండా పోయాడు. అది ఎవరి తప్పో మీ నియమాల్లో రాసుందేమో చూడు."

ఒమాత్సోలా ఆ మాటలను రాజుకు తిరిగి చెప్పనవసరం లేకపోయింది. రాజు లేచి నిలబడ్డాడు. కిరీటం తీశాడు. మెడలోని పగడాల పేర్లు ఒక్కొక్కటే తీశాడు. అన్నీ ఒమాత్సోలా ఒడిలో పెట్టి, "బురదలో పాడవుతాయి, పట్టుకో" అన్నాడు. ఎవరూ ఆపేలోగా నావ అంచు దాటి దిగాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన సామెత. ఆ రోజున ఒమాజువాకు కాలు కడుక్కునే ఆలోచన లేదు. నాలుగడుగులు బాగానే పడ్డాయి. అయిదో అడుగుకు పిక్కల దాకా దిగాడు. ఏడో అడుగుకు మోకాళ్లు. ముసలి కాళ్లు, సింహాసనం మీద కూర్చుని బురదను మరిచిపోయిన కాళ్లు. తెడ్లవాళ్లు దూకబోయారు. ఆయన చేత్తో వారించాడు. మరో అడుగు వేయబోయి, తొడల దాకా దిగి, అక్కడే ఆగిపోయాడు. ముందుకు రాలేడు, వెనక్కి పోలేడు. "అక్కా" అని కేక పెట్టవలసిన చోటు అదే. పెట్టలేదు.

ఒడ్డున ఉన్నావిడ ఇటు చూడలేదు. బురద కాలిని మింగే చప్పుడు వింటోంది. చిన్నప్పటి నుంచీ విన్న చప్పుడు. తప్పుగా పడుతున్న అడుగును చెవితోనే పట్టగలదు. కర్ర తిప్పే చేయి ఆగింది.

"మిసానూ! మడమ మీద కాదురా! వేళ్లు, వేళ్లు విప్పు! ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

ఆ మాట అంటూ అలేరో తిరిగింది. ముఖానికి ముఖం. ఆమె నోటి మీద చేయి పెట్టుకుంది. అప్పటికే పిలిచేసింది.

"ఆఁ, అక్కా!" అన్నాడు బురదలో ఉన్న ముసలాయన. "వస్తున్నానే."

ఆ పలుకు వల్లనే ఇది ఒగియామే పలికిన రేవు అయింది. ఆయన ఏడుస్తూ, వేళ్లు విప్పి, అక్క చెప్పినట్టు అడుగులు వేస్తూ వచ్చాడు. ఆమె ఎదురెళ్లి చంకల్లో చేతులు వేసి లాగింది. డెబ్బైకి దగ్గరైన మనిషి అరవైకి దగ్గరైన మనిషిని లాగడం చూసి తెడ్లవాళ్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నావలో ఉన్న సామంతుడొకడు మాత్రం అరిచాడు. "పేరు పలికింది! నియమం తప్పింది! పదిహేడు మందికీ తెడ్డు తీసేయాలి!"

ఒమాత్సోలా ఒడిలోని కిరీటాన్ని రెండు చేతులా పైకెత్తాడు. జీవితమంతా నియమాలు కాచిన మనిషికి ఒక నియమం ఆ పూట అక్కరకొచ్చింది. "ఒగియామే ఇదిగో, నా చేతుల్లో ఉన్నాడు. ఈయన్ను ఎవరూ పిలవలేదే! ఆ బురదలోకి దిగినదెవరో నేను ఎరగను. మీరెరుగుదురా?" అని తెడ్లవాళ్లను అడిగాడు. ఎడెమా అందరికన్నా ముందు తల అడ్డంగా ఊపాడు. "మాకేమీ వినబడలేదు" అని నలభై మందీ ప్రమాణం చేశారు.

పోటు వచ్చేదాకా అక్కా తమ్ముడూ పాక ముందు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. ఆవిడ తిట్లు మాత్రం నావదాకా వినిపించాయి. రాజుగారు మంట ఎగదోయబోయి ఒక కుండ ఉప్పు మాడ్చారట. నీరెక్కి నావ కదిలే వేళకు అలేరో అడిగిన చివరి ప్రశ్న ఒక్కటి కథలో మిగిలింది.

"నువ్వు ముందు పోతే నేను పిలుస్తా. నేను ముందు పోతే నువ్వు పిలువు. మరి అప్పుడు నిన్నెవరు పిలుస్తార్రా?"

ఒమాజువా ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని వెళ్లాడు.

భయపడినట్టే జరిగింది. తర్వాతి వానాకాలంలో అలేరో మంచం పట్టింది. ఒమాజువా పోటు మీద వచ్చి, కిరీటం నావలో విడిచి, బురద దాటి వెళ్లి, అక్క చెవిలో మూడుసార్లు పిలిచాడు. ఆమె కళ్లు తెరవకుండానే "ఊఁ" అందట. ఆయన ఆ తర్వాత రెండేళ్లు రాజ్యం చేశాడు. పనులన్నీ సక్రమంగా చేశాడు గాని, ఎవరైనా ఏదైనా అడిగితే జవాబుకు కాస్త సమయం పట్టేది. దూరం నుంచి ఇంకెవరైనా పిలుస్తారేమోనని వింటున్నట్టుండేవాడు.

ఇట్సెకిరి వారు రాజు మరణించాడని అనరు. భూమి బద్దలైందంటారు. భూమి బద్దలైన రోజున శయ్య దగ్గర కొడుకులు, కూతుళ్లు, సామంతులు అందరూ ఉన్నారు. "ఒగియామే" అని పిలిచారు. అంతకన్నా పిలవడానికి వారికి హక్కు లేదు, నిజం చెప్పాలంటే వారిలో చాలామందికి ఆ పేరే తెలియదు. ఆయన ముఖం మీద ముడతలు సడలలేదు. ఒమాత్సోలా అది గమనించి బయటికి వెళ్లిపోయాడు.

రాజుల శ్మశానవనానికి దేహాన్ని నావ మీద తీసుకెళ్లాలి. మళ్లీ ఆ నలభై మందే, అదే సరంగు, వారితో ఒమాత్సోలా. పాటు ఉధృతంగా లాగుతున్న వేళ నావ ఈ పాయ మొగకు వచ్చింది. ఎడెమా తెడ్డు పైకి లేపాడు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఒకరి వెనక ఒకరు నలభై తెడ్లూ నీటిలోంచి లేచాయి. ఆ తెడ్లే వాళ్ల బతుకు. పలికితే అవి పోతాయని, ఇళ్లలో పిల్లలకు సైతం నీరు పరాయిదవుతుందని వాళ్లందరికీ తెలుసు. ఏమీ వినలేదని ప్రమాణం చేసిన నోళ్లతోనే ఒక్కసారిగా పిలిచారు.

"మిసానూ!"

మడ చెట్ల మీది కొంగలు లేచాయి. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచారు. అప్పుడు నావ, ఒక్క తెడ్డు కూడా నీటిలో లేకుండా, పాటుకు ఎదురుగా కదిలి శ్మశానవనం వైపు తిరిగింది. నీటి మీద నుంచి "ఆఁ" అని వినబడిందని నలభై మందిలో ముప్ఫై తొమ్మిది మంది చెప్పారు. నలభయ్యోవాడు చెవిటివాడు.

కొత్త రాజు సభ తీర్చి ఒమాత్సోలాను నియమం ఏమిటని అడిగాడు. డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్న ఆ పెద్దాయన ఏ ఉపాయమూ వెతకలేదు. "నియమం ప్రకారం తెడ్లు తీసేయాలి ప్రభూ" అన్నాడు. "ముందు నాది తీయండి. నేనూ పిలిచాను." తనకూ ఒకరోజు ఆ శయ్య తప్పదని రాజుకు తలపుకొచ్చి ఉంటుంది. నలభై మంది తెడ్లూ వారికే ఇచ్చేసి, ఈ ఒక్క రేవులో మాత్రం ఏ పేరూ మునగదని, ఇక్కడ ఎవరి చిన్నప్పటి పేరైనా ఎవరైనా పిలవవచ్చునని శాసించాడు.

ఆ ఆచారం నేటికీ నడుస్తోంది. చిన్నప్పటి పేరుతో పిలిచేవారు ఎవరూ మిగలనివారు ఇక్కడికి వస్తారు. బిరుదులు, హోదాలు పడవలోనే వదలాలి, చెప్పులతో పాటు. రేవులో ఉన్న పడవవాళ్లకు మీ పేరు చెప్పాలి. ఇంట్లో పిలిచిన పేరు, బళ్లో రాయించినది కాదు. వాళ్లు తెడ్లు పైకెత్తి మూడుసార్లు పిలుస్తారు. మూడుసార్లూ మీరు గొంతెత్తి పలకాలి. సిగ్గుపడి గొణిగితే మళ్లీ మొదటి నుంచి పిలుస్తారు. ఇలా పలికినవారు ఈ లోకంలోగాని ఆ లోకంలోగాని దారి తప్పరని నమ్మకం. కానుకలు తీసుకోరు. మన పేర్లు వాళ్ల నోట కొంచెం వంకర తిరుగుతాయి, దానికి నొచ్చుకోకూడదు.

పోయిన ఏడాది కొల్లేపర శేషగిరిగారనే ఇంజనీరు వచ్చారు. భార్య పోయారు, తోబుట్టువులు అంతకుముందే పోయారు. ఆఫీసులో ఆయనంటే అందరికీ హడల్. పడవవాళ్లు పేరడిగితే, తలదించుకుని "బుల్లోడు" అన్నారు. పది తెడ్లు లేచాయి. "బులోదా!" అని పది గొంతులు పిలిచాయి. మొదటి రెండుసార్లు ఆయన గొణిగారట. మళ్లీ మొదలుపెట్టి పిలిచారు, అప్పుడు పలికారు. తిరుగు ప్రయాణంలో పడవ వారీ చేరుతుండగా, వెంట వచ్చిన కుర్ర ఉద్యోగి "సార్, దిగుదామా సార్" అన్నాడు. శేషగిరిగారు కదల్లేదు. ఇంకొకసారి "సార్" అని పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూశారు.